పలకకూడని పేరు

“రమీజా, నా పెదాలకి వేయించుకున్న ఇంజెక్షన్ పేరేంటో వీళ్ళకి చెప్పవే,” అంది సుహాసిని, టీ తెచ్చిన పనిమనిషితో.

అరబ్బు దేశంలో, అల్ హిలాల్‌లోని ఆ విల్లాకి చుట్టాలొచ్చినప్పుడల్లా ఈ ముచ్చట ఉండాల్సిందే. రమీజా నోరు తిరక్క “పెలూరట్టు” అనేది, ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. అక్కడ రాయచోటిలో రమీజా కూతురికి నెలలు నిండాయి. సెలవడిగితే, “శుక్రవారం పార్టీ కానీ, చూద్దాం,” అంది మేడం. పేరు సరిగ్గా పలికితే మురిసిపోయి పంపిస్తుందనుకుంది పిచ్చితల్లి. డ్రైవర్ గిరిని బతిమాలి నేర్చుకుని, వారంపాటు అంట్లు తోముతూ వల్లె వేసింది.

“ఫెలూర్, మేడం,” అంది ఇప్పుడు తలెత్తి.

ఒక్కరూ నవ్వలేదు.

“అబ్బో, నీకంటే బాగా పలికిందే సుహాసినీ!” అంది సోఫాలో ఒకావిడ.

సుహాసిని ఉబ్బిన పెదాలు బిగుసుకున్నాయి. “సెలవు సంగతి రంజాన్ తర్వాత చూద్దాంలే రమీజా.”

రమీజా ట్రే బల్ల మీద పెట్టింది. పళ్ళన్నీ బయటపెట్టింది.

“తప్పు జెప్పినా మేడం! అది పెలూరట్టు గదా. శెనిక్కాయ చట్నీ ఏసుకుంటే ఇంకా బాగుంటాది.”

హాలంతా ఘొల్లుమంది. మేడం ఫోన్ తీసింది. “ఇంకోసారి అనవే, వీడియో తీస్తా. రేపే టికెట్ కొంటాలే, కాన్పుకి వెళ్ళిరా.”

రమీజా ఇంకోసారి అంది.

వంటగది గుమ్మంలో గిరి ఆశగా అడిగాడు. “బాగా పలికితివా అక్కా?”

“ఆ నాయనా,” అంది రమీజా, కొంగుతో మొహం తుడుచుకుంటూ. “మేడమ్‌కి ఎట్ల గావల్నో అట్లే పలికినా.”