తిట్లు లెక్కపెట్టిన కంప్యూటరు

హరిత ఆ రిపోర్టు పంపే మీట నొక్కిందంటే మా నర్సమ్మకు కుప్పం బదిలీ ఖాయం.

మా పుంగనూరు ఆసుపత్రి గురించి జనం పంపిన వాయిస్ మెసేజీలన్నీ కంప్యూటరుకు వినిపించి, ఎవరి మీద ఎంత నమ్మకముందో తేల్చడం మదనపల్లె నుంచి వచ్చిన ఆ పిల్ల ఉద్యోగం. డాక్టరుకు నూటికి తొంభై వచ్చాయి. నర్సమ్మకు తొమ్మిది. ఆమె పేరెత్తిన ప్రతిచోటా తిట్లే. పుంగనూరు ఆవు పొట్టిదే గానీ, పుంగనూరు నోరు పొట్టిది కాదు మరి.

హరిత వేలు మీట మీదికి వెళ్లింది. బీపీ మాత్రల కోసం కూర్చున్న నేను బెంచీ మీద నుంచి సగం లేచాను.

అంతలో జ్వరంతో కాలిపోతున్న మనవరాలిని భుజాన వేసుకుని గంగులమ్మ వచ్చిపడింది.

"యాడ సచ్చిందప్పా ఆ నర్సు? రాకాసిది! ఒక్క పూట మందు తప్పితే వీధంతా ఇనేట్టు తిడతాది!"

"విన్నారా తాతా?" అంది హరిత నాతో. ఆమెవైపు తిరిగి, "లోపల డాక్టరుగారు ఉన్నారమ్మా, చూపించండి" అంది.

"ఆ డాక్టరప్ప దేవుడు తల్లీ. కనపడితే దండం పెడతాం." గంగులమ్మ పిల్లను ఇంకా గట్టిగా హత్తుకుని గడపలోనే కూలబడింది. "బిడ్డను మాత్రం ఆ రాకాసి సేతికే ఇచ్చేది."

హరిత మీట మీద నుంచి వేలు తీసి, అదే వేలితో నర్సమ్మకు ఫోను కలిపింది.