చెర్రీ కొమ్మల మీద యావోర్

పక్కింటి నెవేనా చెర్రీ తోటలో నా కొడుకు ముఖం కొమ్మకొమ్మకీ వేలాడుతోంది. యావోర్ తానే రాసి, గిటార్ వాయిస్తూ పాడిన ఆల్బమ్ సీడీల మీద అచ్చయిన బొమ్మ అది. పిట్టలు బెదరాలని నెవేనా ఆ సీడీలను దారాలతో కట్టేసింది.

నిన్ననే కాఫీ కొట్టులో అందరికీ రకియా సారా పోయించి, మన ఊళ్లో వాడి పాట కొనని ఇల్లు లేదని మీసం దువ్వాను. ఒక్కడూ కాదనలేదు.

"సిగ్గు లేదుటే? నా కొడుకు కష్టం నీకు దిష్టిబొమ్మా?" అంటూ అందినవి అందినట్టు తెంపాను.

నెవేనా నిచ్చెన దిగి వచ్చింది. "ఆగు బాబాయ్. నేనేమైనా కొన్నానా? పోయిన నెల యావోరే కారు నిండా తెచ్చి ఇంటింటికీ ఓ కట్ట ఊరికే పంచాడు. సోఫియా నగరంలో ఎవరూ కొనలేదట. 'మా నాన్న అడిగితే కొన్నామని చెప్పక్కా, ఊళ్లో తలెత్తుకు తిరుగుతాడు' అని బతిమాలాడు."

అయినా నా పొగరు చావలేదు. "కడితే కట్టావు, ఒక్కసారి వినైనా కట్టాల్సింది" అన్నాను.

"రెండుసార్లు విన్నాను. చివరి పాట బాగుంది, మిగతావి నాకు ఎక్కలేదు. పారెయ్యడానికి మనసొప్పకే కట్టాను." ఆమె నా చేతిలోని సీడీల వంక చూసింది. "నీకే పాట నచ్చింది బాబాయ్?"

నేనింకా ఒక్క పాటా విననేలేదు. తెంపినవన్నీ ఆమెకిచ్చేసి, ఒక్కటి మాత్రం కోటు జేబులో వేసుకుని ఇంటికి నడిచాను.