ఇంట్లో ఎంతమంది

"మీ కుక్కపిల్ల సిద్ధంగా ఉందండీ. వచ్చి తీసుకెళ్లండి," అని ఫోన్ వచ్చింది.

నేను ఏ కుక్కనూ అడగలేదు. మా ఆవిడకైతే కుక్క వెంట్రుకలంటేనే ఒళ్లుమంట. ఆమె పోయి నాలుగు నెలలైంది. ఏదో పొరపాటు జరిగిందని చెప్పి రావడానికి వెళ్లాను.

కుక్కలు పెంచే ఆవిడ నా మాట వినకుండానే గుప్పెడంత పిల్లను నా ఒళ్లో పెట్టింది.

"ఆర్నెల్ల కిందటే మేడం పేరు రాయించారు కదండీ. పెద్ద జాతి కుక్కను చూపిస్తే, 'వద్దమ్మా, మా ఆయన మోకాళ్లు అంతంతమాత్రం. అది లాగిందంటే ఆయన దాని వెనకే దొర్లుకుంటూ పోతారు' అని ఒకటే నవ్వు. మేడం రాలేదా?"

"రాలేదు," అన్నాను.

ఆమె వివరాల కాగితం తీసి నా చేతికిచ్చింది. మా ఆవిడ రాతే. కుక్క ఎవరి కోసం అన్నచోట 'మా వారికి' అని ఉంది. ఇంట్లో ఎంతమంది అన్నచోట 'ఒక్కరు' అని ఉంది.

"అదేంటండీ, మీరుండరా అని నేనూ అడిగాను. 'నేను ఊరెళ్తున్నానమ్మా' అన్నారు."

కింద తేదీ చూశాను. మా ఆవిడ ఒక్కతే ఆసుపత్రికి వెళ్లి రిపోర్టులు తెచ్చుకున్న రోజు అది. ఆ సాయంత్రం నాతో, "ఉత్త గ్యాసేనటండీ. మీరు నిశ్చింతగా క్యాంపుకెళ్లండి," అంది.

నమ్మాను. నలభై రోజులు వంతెన పనిమీద ఊరుకాని ఊళ్లో ఉన్నాను. రోజూ ఫోన్ చేసి, వేళకు తింటున్నారా అని అడిగేది.

తిరిగొచ్చాక మాకు మిగిలింది తొమ్మిది రోజులు.