వెనక ఎడమ చక్రం

ఫోన్ పెట్టేసి లారీ ఆసామి షెడ్డు అదిరేలా నవ్వాడు. పది రోజుల లోడు ఖాయమైంది. రేపు పొద్దున్నే బయల్దేరాలి.

"ఈసారి కూడా సగం దారిలోంచి వెనక్కొచ్చావంటే, మళ్లీ మన గుమ్మం తొక్కేవాడుండడు," అన్నాడు డ్రైవరైన కొడుకుతో.

పాత లారీ నెలలో మూడుసార్లు దారిలో మొరాయించింది. ప్రతిసారీ ఒకటే జబ్బు. వెనక ఎడమ చక్రానికి బ్రేకు పట్టేయడం, డ్రమ్ము పెనంలా కాలడం, పొద్దున వెళ్లిన బండి సాయంత్రానికల్లా ఇంటికి చేరడం.

ఆసామి జాకీతో బండి ఎత్తి, డ్రమ్ము ఊడదీసి, దుమ్ము తుడిచి చూశాడు. బ్రేకు లైనింగు అరగలేదు, మందంగానే ఉంది. స్ప్రింగులు బిగువుగా ఉన్నాయి. ఆయిలు చుక్క కూడా కారలేదు. బ్రేకు బిగువు పెంచే, తగ్గించే అడ్జస్టరు మాత్రం ఎవరో కావాలని తిప్పినట్టు బిగిసిపోయి ఉంది.

"ఇది బండి జబ్బు కాదురా. ఎవరిదో చెయ్యి."

"పక్క షెడ్డు బాబాయిదే నాన్నా. మన బండి కదలకపోతే లోడు ఆయనకేగా."

ఆసామి అడ్జస్టరు వదులు చేసి, డ్రమ్ము తిరిగి బిగించాడు. కొడుకు భోజనానికి వెళ్లగానే అడ్జస్టరును మూసే రబ్బరు మూతకి, ఎవరికీ కనపడకుండా, ఆరని ఎర్ర రంగు పూశాడు. దొంగను వాడి చెయ్యే పట్టిస్తుంది.

ఓ కునుకు తీసి వచ్చేసరికి మూత మీద రంగు చెదిరి ఉంది. అడ్జస్టరు మళ్లీ బిగిసింది.

ఆసామి చిందులు తొక్కుతూ పక్క షెడ్డుకు వెళ్లాడు. "ఏదీ, చేతులు చూపించు."

"జాతకం ఎప్పటినుంచి చెబుతున్నావన్నయ్యా?" అంటూ అతను రెండు చేతులూ చాపాడు. నల్లటి గ్రీజే తప్ప ఎరుపు జాడ లేదు.

మనసొప్పకపోయినా, ఇంటికొచ్చి కొడుకు చేతులూ చూశాడు. గుప్పున కిరోసిన్ వాసన. మరక లేదు.

ఇక దొంగ దొరకడనుకుంటూ కూలబడ్డాడు. కాపురానికొచ్చి నెలైన కోడలు కాఫీ తెచ్చింది. ఆమె ముఖం చూసి ఆసామి గ్లాసు అందుకోవడం మర్చిపోయాడు. కోపం ఎటు పోయిందో, మీసాల చాటున నవ్వొచ్చింది.

"అమ్మాయ్, బట్టలు సర్దుకో. రేపు లారీలో నువ్వూ వెళ్తున్నావు."

"నేనెందుకు మామయ్యా?"

"బండి వెనక్కి రాకుండా. ముందు బుగ్గ మీద ఆ ఎర్ర రంగు తుడుచుకో తల్లీ... మీ ఆయన చేతులు కడుక్కున్నాడు గానీ, నిన్ను గిల్లాక కడుక్కున్నాడు."