చిన్న బల్ల దగ్గర

ముసలాయన గుర్రబ్బండి దిగి లోపలికి వచ్చాడు. పెద్ద బల్ల దాటి, పొయ్యి పక్కనున్న చిన్న బల్ల దగ్గర కొర్నేలియుస్‌కి ఎదురుగా కూర్చున్నాడు.

వడ్డిస్తున్న అగనేతా చెయ్యి ఆగిపోయింది.

చిన్న బల్ల ఆమె భర్త కొర్నేలియుస్‌ది. ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తీసి రబ్బరువి వేశాడని సంఘం అతన్ని వెలివేసింది. ఇనుప చక్రం బురదలో దిగబడితే దిగబడుతుంది గాని పొలం దాటదు. రబ్బరు చక్రం పట్నం దాకా పోతుంది, పోతూ పోతూ పిల్లల్నీ లాక్కుపోతుంది. బొలీవియాలో పాత పద్ధతులు వదలని ఆ క్రైస్తవ కాలనీలో ఇది అందరూ చెప్పే మాటే.

వెలిపడినవాడితో ఒకే బల్ల మీద తినకూడదు. కట్టుకున్న భార్యయినా సరే. తింటే వాళ్లకూ వెలే.

చక్రాలు ఆ వారమే పీకేశాడు కొర్నేలియుస్. క్షమించమనీ అడిగాడు. పెంతెకొస్తు పండగ దాకా నడత చూసి అప్పుడు చెయ్యి కలిపి సంఘంలో చేర్చుకుంటామన్నారు పెద్దలు. అతనికి కావలసింది ఒకటే. మళ్లీ అగనేతా పక్కన కూర్చుని తినాలి.

వచ్చినాయన పేరు ఇస్‌బ్రాంట్. ఏటి అవతలి కాలనీ. గుర్రానికి నీళ్ల కోసం ఆగానన్నాడు.

"పెద్దాయనా, అది వెలి బల్ల. ఇటు రండి," అంది అగనేతా.

"తెలుసమ్మా. ఆ పుచ్చకాయ ఇటు జరుపు."

"మీకూ వెలి పడుద్ది."

"పడితే ఎన్నాళ్లు పడుద్దిలే, నా వయసుకి."

వెలిపడ్డాక కొర్నేలియుస్ నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత ముసలాయన ప్రతి శనివారం వచ్చాడు. తినేవాడు, పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ కాసేపు కూర్చునేవాడు, వెళ్లిపోయేవాడు. ఎవరు, ఏమిటి అని అడిగితే ఆవుల సంగతి ఎత్తేవాడు.

చీజ్ ఫ్యాక్టరీలో పాలు పోసే చోట ఇదే ముచ్చట. టైర్లు అమ్ముకునేవాడై ఉంటాడని ఒకడు ఎకసెక్కమాడాడు. కాదు, వేరే సంఘంవాళ్లు గాలం వెయ్యడానికి పంపారని కొందరు. ఆయనా ఎక్కడో వెలిపడ్డవాడే, లేకపోతే ఆ బల్ల దగ్గర అంత కుదురుగా ఎలా కూర్చుంటాడని ఎక్కువమంది.

మాట పెద్దల చెవిన పడింది. ఆ ముసలివాడు నీతో తింటున్నంతకాలం నీ పశ్చాత్తాపాన్ని నమ్మలేమని కబురు పెట్టారు.

ఆ శనివారం కొర్నేలియుస్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇంక రాకండి పెద్దాయనా."

ముసలాయన బండి మీదే పగ్గాలు లాగి పట్టాడు.

"రాకపోతే నిన్ను కలుపుకుంటారా?"

"అట్టాగే అన్నారు."

"అయితే మంచిదే," అని బండి తిప్పుకున్నాడు.

గుర్రానికి నీళ్లు పెట్టుకోమని కూడా అనలేకపోయాడు కొర్నేలియుస్.

పెంతెకొస్తు నాడు అందరి ముందూ చెయ్యి కలిపారు. ఆ మధ్యాహ్నం భార్య పక్కన కూర్చున్నాడు గాని చూపంతా ఖాళీగా ఉన్న చిన్న బల్ల మీదే.

"వెళ్లి ఆయన్ని పిలుచుకురావయ్యా. ఈసారి పెద్ద బల్ల దగ్గరే పెడతా," అంది అగనేతా.

మర్నాడే బండి కట్టాడు. ఏటి అవతల ఇల్లు చూపించమంటే చూపించారు. నల్ల ముసుగు కట్టుకున్న ముసలామె తలుపు తీసింది. ఆయన్ని పోయిన వారమే మట్టి చేశామంది.

కొర్నేలియుస్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"ఆయన్ని ఎందుకు వెలేశారమ్మా?"

ఆమె అర్థం కానట్టు చూసింది.

"ఆయన్నెవరు వెలేస్తారు నాయనా? ఇక్కడికి రాకముందు మెక్సికోలో మా సంఘ పెద్ద ఆయనే. మా కన్నకొడుకుని వెలేసిందీ ఆయనే, వాడు కన్నుమూసేదాకా ఒక్క పూటైనా వాడి బల్ల దగ్గర కూర్చోనిదీ ఆయనే."