ధైర్యమని రాయకే

"ఆ మాట రాయకే మెర్సీ!" అంటూ నా మనవరాలి చెయ్యి పట్టుకున్నాను.

కొత్త సంవత్సరం ఆరాధనలో, ఏడాదంతా పట్టుకు నడవాల్సిన ఒక్క మాటను కార్డు మీద రాయమన్నారు పాస్టరుగారు. మెర్సీ 'ధైర్యం' అని పైకే అనుకుంటూ రాయబోయింది.

"ఏటైనాది మామ్మా?"

"మనం ఏటడిగితే దేవుడు దానికే పరీక్ష పెడతాడే. నేను ఓర్పు అడిగిన ఏడు మీ తాత మంచాన పడినాడు. ధైర్యం అడిగిన ఏడు మీ అయ్య పడవ తిరిగి రానేదు. సంతోషమని రాసుకో తల్లీ."

మెర్సీ బైబిల్లోంచి ఆసుపత్రి చీటీ తీసింది.

"నా రొమ్ములో గడ్డ ఉన్నాదంట. సోమవారం ఆపరేషను. పరీక్ష ముందే వచ్చీసినాది మామ్మా."

చదువురాని నేను, నా ఖాళీ కార్డు కూడా దాని చేతిలో పెట్టాను.

"నాదాంట్లోనూ అదే రాయే. పెద్ద అచ్చరాలతో రాయి. దేవుడికీ నాలాగే చూపు ఆనదేమో."