గడ్డం మీద ఒట్టు

“సోమవారం పొద్దున్నే వస్తాను. గడ్డం మొత్తం గొరిగెయ్,” అన్నాడు లాక్లన్, మంగలి కుర్చీలో వెనక్కి వాలుతూ.

మర్డో చేతిలో కత్తెర ఆగిపోయింది.

“తాగున్నావట్రా?”

“తాగినప్పుడే ఒట్టేశాను. అదే వచ్చిన చిక్కు.”

ఆకులు రాలే కాలం వచ్చిందంటే చాలు, సముద్రం నుంచి సాల్మన్ చేపలు లొన్నన్ ఏటికి ఎదురెక్కి వస్తాయి. ఊళ్లో అందరి గాలాలకీ పడతాయి. లాక్లన్‌కి మాత్రం ఏళ్ల తరబడి ఒక్కటీ పడలేదు. మొన్న పబ్బులో అందరూ కలిసి అతణ్ణి ఏడిపించారు. నీ గడ్డం చూసే చేపలు జడుసుకుంటున్నాయని ఒకడు అనేసరికి లాక్లన్‌కి ఒళ్లు మండింది. శనివారంతో ఈ ఏడాది వేట ముగుస్తుంది కదా, ఆలోగా చేప పట్టకపోతే గడ్డం తీసేస్తానని బల్ల గుద్ది మరీ చెప్పాడు. చెప్పినప్పుడు హుషారుగానే ఉంది. మర్నాడు అద్దంలో చూసుకుంటే ఏడుపొచ్చింది. ఆ తుప్పు రంగు గడ్డం తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి తనకీ వచ్చింది. అది లేని మొహం పెళ్లాం కర్స్టీ కూడా చూడలేదు.

మర్డో కుర్చీ ముందుకొచ్చి నిలబడ్డాడు. “వద్దురా. అలాంటి గడ్డం ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు. నా మాట విను.”

లాక్లన్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. స్నేహితుడంటే మర్డోనే. మిగతావాళ్లకి మెడ చుట్టూ మాసిన గుడ్డ కడతాడు, లాక్లన్‌కి మాత్రం ఉతికిన తెల్లగుడ్డ. చివర్లు అందంగా కత్తిరించి, గుడ్డ నాలుగు మూలలూ పట్టుకుని వెనకగదిలోకి తనే తీసుకెళతాడు. ఏనాడూ పైసా పుచ్చుకోలేదు.

“అంత ప్రేమున్నవాడివి నీ ఈగ సంగతి చెప్పొచ్చుగా,” అన్నాడు లాక్లన్.

“అదొక్కటీ అడక్కు.”

ఆ ఏట్లో వానపాములతో చేపలు పట్టనివ్వరు. గాలానికి ఈకలో వెంట్రుకలో చుట్టి బొమ్మ ఈగలు కట్టుకోవలసిందే. మర్డో కట్టే ఈగని చేపలు వెతుక్కుంటూ వచ్చి మింగుతాయి. దాన్ని టోపీ లోపల దాచుకుంటాడు, తాడుకి కట్టేటప్పుడు అందరికీ వీపు చూపిస్తాడు. అదేదో ఎర్రగా ఉంటుందని తప్ప ఎవరికీ ఏమీ తెలియదు. అందుకని లాక్లన్ వేసవంతా ఊళ్లో ఎర్రగా కనిపించిన ప్రతిదాని వెంటా పడ్డాడు. ఎర్రటి జూలున్న ఆవు నుదుటి మీద వెంట్రుకలు పీకబోతే అది అతణ్ణి గోడ దూకేదాకా తరిమింది. కర్స్టీ కోటుకున్న నక్కతోలు పట్టీ కత్తిరించినందుకు ఆవిడ కట్టెల కొట్లో పడుకోబెట్టింది. అన్నీ ఈగలుగా కట్టాడు. చేపలు కన్నెత్తి చూడలేదు.

శనివారం వచ్చింది. రాత్రి కురిసిన వానకి ఏరు పొంగి, అప్పుడే తగ్గుతోంది. నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. గడ్డం ఉంటుందో ఊడుతుందో చూద్దామని వంతెన మీద ఊరంతా చేరింది. లాక్లన్ తొడల్లోతు నీళ్లలో నిలబడి పొద్దుటి నుంచీ గాలం విసురుతూనే ఉన్నాడు. చేపలు అతని పక్కనే ఎగిరి దూకుతున్నాయి, ఒక్కటీ పట్టుకోవడం లేదు.

గట్టు మీద మర్డో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పొద్దు వాలుతుండగా ఇక ఉండబట్టలేక నీళ్లలోకి దిగి, టోపీ తీసి, తన ఈగని తనే లాక్లన్ తాడుకి కట్టాడు.

“కిందకి చూడకు. విసురు.”

ఇలా విసిరాడో లేదో, కర్ర విల్లులా వంగింది. చేప మడుగంతా తిప్పి తిప్పి చివరికి లాక్లన్‌ని బోర్లా పడేసింది. ప్రవాహంలో కొట్టుకుపోతున్నవాడికి మర్డో చెయ్యి అందించాడు. చేతికి గడ్డం దొరికింది. ఉలిక్కిపడి అది వదిలేసి, చెవి పట్టుకుని బయటికి లాగాడు.

చేప దక్కింది. వంతెన మీద టోపీలు ఎగిరాయి. గుడ్లు పెట్టే రోజులు కనక చేపని ఏటికే వదిలెయ్యాలి. లాక్లన్ దాన్ని ముద్దు పెట్టుకుని వదలబోతుంటే అది మొహం మీద తోకతో ఒక్కటిచ్చి, తాడు తెంపి, గాలం విదిలించుకుని పోయింది. ఆ గందరగోళంలో ఈగ ఎటు పోయిందో తెలియలేదు. మర్డో, లాక్లన్ గడ్డిలో మోకాళ్ల మీద పాకి పాకి వెతికారు. దొరకలేదు.

“పోతే పోనీరా,” అన్నాడు మర్డో, లాక్లన్ గడ్డం నిమురుతూ. “ఇది దక్కింది, చాలు.”

ఇంటికొచ్చి లాక్లన్ పొయ్యి ముందు కూర్చున్నాడు. కర్స్టీ అతని గడ్డం తుడిచి దువ్వుతోంది. తన గడ్డం కోసం మర్డో ప్రాణంలాంటి ఈగనే పోగొట్టుకున్నాడని, అలాంటి స్నేహితుడు ఎవరికుంటాడని ఆమెకి చెప్పి చెప్పి ఏడ్చాడు.

ఉన్నట్టుండి దువ్వెన దేనికో తట్టుకుంది. లాక్లన్ కెవ్వుమన్నాడు.

“గాలం గుచ్చుకుంది. ఈగ ఇక్కడే ఉంది,” అంది కర్స్టీ.

“జాగ్రత్తగా తియ్యవే. మర్డోకి ఇచ్చెయ్యాలి. గడ్డం తెగకూడదు, ఈగ చెడకూడదు.”

కర్స్టీ కళ్లజోడు పెట్టుకుని, దీపం దగ్గరికి జరుపుకుంది. వేళ్లతో ఇటు విడదీసింది, అటు విడదీసింది.

“ఏమైంది? ఏది ఈగో ఏది గడ్డమో తెలీడం లేదా?”

“రెండూ నీ గడ్డమే.”